కంప్యూటర్ దేని కోసం ఎదురుచూస్తోంది?

మా బావగారు పొద్దున్నే ల్యాప్‌టాప్ బటన్ నొక్కి స్నానానికి వెళ్లేవారు. తిరిగొచ్చేసరికి అది తయారుగా ఉండేది, ఒక్కోరోజు అప్పటికీ ఉండేది కాదు. నేను ఒకసారి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. బటన్ నొక్కిన దగ్గర నుంచి బ్రౌజర్‌లో మొదటి పేజీ పూర్తిగా కనపడేదాకా ఆరు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. "ఏమోయ్, ఇది ముసలిదైపోయింది, కొత్తది చూడు" అన్నారాయన. నేను మూత తిప్పి చూస్తే లోపలున్న ప్రాసెసర్ ఆయన చేసే పనికి సరిపోవడమే కాదు, ఎక్కువే. ఆయన చేసేది మెయిళ్లు, రెండు ఎక్సెల్ షీట్లు, వీడియోలు. అంతే.

నేను ఇంట్లో కూర్చుని పుస్తకాలకు పేజీలు పెట్టే పని చేస్తాను. కంప్యూటర్ చదువు చదవలేదు. కానీ పని ఆగితే డబ్బు ఆగుతుంది కాబట్టి పదిహేనేళ్లుగా నా మిషన్లు నేనే విప్పుకుంటున్నాను. అది తెలిసి చుట్టాలందరూ వాళ్లవీ తెచ్చి నా బల్ల మీద పెడుతున్నారు. ఎవరు తెచ్చినా నేను ముందు చూసేది ఒక్కటే. ఈ మిషన్ దేని కోసం ఎదురుచూస్తోంది?

కంప్యూటర్‌లో ప్రాసెసర్ (లెక్కలు చేసే చిప్, సీపీయూ అన్నా ఇదే), ర్యామ్ (అప్పటికప్పుడు వాడే మెమరీ), డిస్క్ (ఫైళ్లు దాచే చోటు), గ్రాఫిక్స్ (తెర మీద బొమ్మ గీసేది) వంతులవారీగా పని అందుకుంటాయి. ఒకటి తెమలకపోతే మిగతావి చేతులు కట్టుకుని నిలబడతాయి. జీన్ ఆమ్డాల్ అనే ఇంజినీరు 1967లో దీన్ని లెక్క కట్టి చెప్పారు. మొత్తం పనిలో మీరు ఏ ముక్కను వేగం చేశారో ఆ ముక్క వాటా మేరకే లాభం దక్కుతుంది. పది సెకన్ల పనిలో ఎనిమిది సెకన్లు డిస్క్ దగ్గరే పోతున్నాయనుకోండి. రెట్టింపు వేగమున్న ప్రాసెసర్ పెట్టినా మీకు మిగిలేది ఒక్క సెకను. అదే డిస్క్‌ను పది రెట్లు వేగమున్నది పెడితే పది సెకన్ల పని మూడు సెకన్లలోపే అయిపోతుంది. నేను ఇది తెలియక ఒకప్పుడు నా పాత డెస్క్‌టాప్‌కి ర్యామ్ కొని పెట్టాను. పెట్టాక అది అంతకుముందులాగే నత్తనడక నడిచింది. జబ్బు డిస్క్‌ది, మందు ర్యామ్‌కి పోశాను.

ముందు చూడండి, తర్వాత విప్పండి

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న పేజీ తెరవండి. మిషన్ ఆన్ చేసిన వెంటనే చూసి నిర్ణయానికి రావద్దు. మొదటి పది నిమిషాలు అప్‌డేట్లు, యాంటీవైరస్ తమ పనులు చక్కబెట్టుకుంటూ ఉంటాయి. పది నిమిషాలాగి, మీరు రోజూ ఏ పని దగ్గర విసుక్కుంటారో ఆ పనే చేస్తూ ఈ పేజీ చూడండి. ఖాళీగా ఉన్న కంప్యూటర్‌ను చూస్తే ఏమీ తెలియదు.

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి. సీపీయూ దగ్గర ఎంత శాతం, ఎన్ని గిగాహెర్ట్జ్‌లో నడుస్తోంది. మెమరీ దగ్గర మొత్తం ఎన్ని జీబీలు, ఎన్ని వాడుకలో ఉన్నాయి, ఎన్ని స్లాట్లు నిండాయి. డిస్క్ దగ్గర యాక్టివ్ టైమ్ (అది ఎంతసేపు పనిలో ఉందన్నది) శాతం, దాని కింద సగటున ఎన్ని మిల్లీసెకన్లలో జవాబిస్తోంది. ఆ డిస్క్ హెచ్‌డీడీయా (పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్), ఎస్‌ఎస్‌డీయా (చిప్‌లతో చేసినది) అన్నది కూడా ఎడమ పక్కనే కనపడుతుంది. మ్యాక్ వాడేవాళ్లకు యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ప్రెషర్ అని ఒక గ్రాఫు ఉంటుంది. అది ఆకుపచ్చగా ఉంటే ర్యామ్ జోలికి పోనక్కర్లేదు, ఎర్రబడితే నిజంగానే చాలడం లేదు.

సీపీయూ పేజీలోనే కింద అప్ టైమ్ అని ఉంటుంది, అంటే సిస్టమ్ మొదటి నుంచి మొదలై ఎంతసేపైందన్న లెక్క. దాన్ని చాలామంది చూడరు. మా అక్క మిషన్‌లో అది ఇరవై మూడు రోజులు చూపించింది. "రోజూ రాత్రి ఆపేస్తున్నాన్రా" అంటుంది. ఆపుతోంది, నిజమే. కానీ విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒక ఏర్పాటు ఉంది. షట్‌డౌన్ కొట్టినా అది సిస్టమ్‌లో ప్రధాన భాగాన్ని డిస్క్ మీద దాచి, మర్నాడు దాన్నే మళ్లీ లేపుతుంది. రీస్టార్ట్ కొడితేనే అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. మా అక్కకి నేను చేసిన రిపేరు అదొక్కటే, రీస్టార్ట్. ఇప్పటికీ నన్ను పెద్ద మెకానిక్ అనుకుంటోంది. నేనూ ఖండించలేదు.

ఇంకొకటి, స్టార్టప్ యాప్స్ పేజీ. మీటింగుల యాప్‌లు, గేమ్ లాంచర్లు, ప్రింటర్ వాళ్లు అంటగట్టిన సాఫ్ట్‌వేర్ అందులో వరసగా ఉంటాయి. ఇవన్నీ మిమ్మల్ని అడక్కుండా మీతోపాటే నిద్రలేస్తాయి. డిసేబుల్ చేస్తే అవి చెరిగిపోవు, పిలిచినప్పుడే వస్తాయి. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, సౌండ్ డ్రైవర్లకు సంబంధించినవి వదిలేసి మిగతావి ఆపేయండి.

తిరిగే పళ్లెం

బావగారి ల్యాప్‌టాప్‌లో ఆ కాగితం మీద నేను రాసుకున్నవి ఇవి. సీపీయూ పన్నెండు శాతం. మెమరీ ఎనిమిదిలో ఐదు జీబీలు. డిస్క్ యాక్టివ్ టైమ్ నూరు శాతం, అది కూడా అలా నిలబడిపోయి ఉంది. జవాబు సమయం ఒక్కోసారి వెయ్యి మిల్లీసెకన్లు దాటుతోంది. టైపు హెచ్‌డీడీ. ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు.

హార్డ్ డిస్క్ అంటే లోపల నిజంగానే ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లలో అది సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చదివే ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది. అది కాక ముల్లు ఉన్న చెయ్యి జరిగి ఆ వరస మీదికి రావాలి, దానికో పది పన్నెండు మిల్లీసెకన్లు. మొత్తం కలిపితే సెకనుకు అరవై డెబ్బై చోట్లకు మించి వెతకలేదు. విండోస్ లేచేటప్పుడు వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు అడుగుతుంది. బావగారి స్నానం అయ్యేదాకా అది చేస్తున్నది ఆ వెతుకులాటే.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అంతా చిప్‌లే. ఎక్కడున్నది అడిగినా మిల్లీసెకనులో పదో వంతు, అంతకన్నా తక్కువలోనే ఇచ్చేస్తుంది. డబ్బా మీద రాసే "సెకనుకు ఇన్ని ఎంబీలు" అన్న అంకె పెద్ద ఫైలు ఒకటి ఏకబిగిన కాపీ చేసేటప్పటిది. ఆ లెక్కన చూస్తే సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే పాత రకం దారి) ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 ఎంబీల దాకా, హార్డ్ డిస్క్ వంద దాకా, అంటే ఐదారు రెట్ల తేడా. కానీ రోజువారీ పనిలో తేడా తెచ్చేది ఆ చిన్న ఫైళ్ల వెతుకులాట. అక్కడ తేడా వంద రెట్ల పైన ఉంటుంది. అందుకే హార్డ్ డిస్క్ మీద విండోస్ నడుపుతున్న వాళ్లెవరికైనా నేను వేరే ఏదీ చెప్పను, ముందు ఎస్‌ఎస్‌డీ పెట్టమంటాను.

ఏది కొనాలన్నది మీ మిషన్ చెబుతుంది. పాత ల్యాప్‌టాప్‌లలో రెండున్నర అంగుళాల సాటా డిస్క్ ఉంటుంది. దాని స్థానంలో అదే సైజు సాటా ఎస్‌ఎస్‌డీ కూర్చుంటుంది. మందం 7 మిల్లీమీటర్లు. పాతది 9.5 అయితే సందు నింపడానికి ఒక ప్లాస్టిక్ చట్రం ఇస్తారు, లేదా దళసరి అట్టముక్క పెట్టినా కదలదు. కొత్త మిషన్లలో చూయింగ్ గమ్ రేకులా ఉండే ఎమ్.2 కార్డు ఉంటుంది. దాని మీద 2280 అని ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం.

ఇక్కడే నేను బోల్తాపడ్డాను. ఎమ్.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. ఆ ఆకారంలో సాటా కార్డులూ ఉన్నాయి, అంతకన్నా వేగమైన ఎన్‌వీఎమ్‌ఈ కార్డులూ ఉన్నాయి. సాటా కార్డుకు సాధారణంగా అంచున రెండు గాట్లు ఉంటాయి, ఎన్‌వీఎమ్‌ఈకి ఒకటే. నేను రెండు గాట్లది తెచ్చాను. స్లాట్‌లో చక్కగా కూర్చుంది, స్క్రూ బిగించాను, ఆన్ చేస్తే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల తెర) దాని జాడే లేదు. ఆ స్లాట్ ఎన్‌వీఎమ్‌ఈకి మాత్రమేనట. మాన్యువల్‌లో ఆ ముక్క ఒక వాక్యంలో రాసి ఉంది. నేను ఆ మాన్యువల్ చదివింది కార్డు వెనక్కి పంపాక. మీరు ముందే చదవండి.

ఎన్‌వీఎమ్‌ఈ పెట్టే వీలుంటే పెట్టండి. ఆ అవకాశం లేదని మాత్రం దిగులు పడొద్దు. మూడో తరం పీసీఐఈలో (ఎన్‌వీఎమ్‌ఈ వాడే దారి) అది సెకనుకు 3500 ఎంబీల దాకా, నాలుగో తరంలో 7000 దాకా వెళ్తుందన్న మాట నిజమే. పెద్ద వీడియో ఫైళ్లు అటూ ఇటూ కదిపేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కలిగే ఆశ్చర్యం, సాటా నుంచి ఎన్‌వీఎమ్‌ఈకి మారినప్పుడు కలగదు. నా బల్ల మీద రెండు రకాల మిషన్లూ ఉన్నాయి. వర్డ్ తెరిచినప్పుడు ఏది ఏదో కళ్లు మూసుకుని చెప్పలేను.

డిస్క్ మార్చే రోజు

మొదట పాత డిస్క్ ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాం ఉంది. అందులో 05 అన్న వరస చెడిపోయి పక్కన పెట్టేసిన సెక్టార్ల (డిస్క్ మీది చిన్న చిన్న గళ్ల) లెక్క, సీ5 అన్నది చదవడానికి మొరాయిస్తున్న సెక్టార్ల లెక్క. ఈ రెంటిలో అంకెలు సున్నా కాకపోతే, అదీ రోజురోజుకీ పెరుగుతుంటే, వేగం సంగతి తర్వాత. ఆ క్షణమే ఫొటోలు, కాగితాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే చాలాసార్లు డిస్క్‌ది తప్పు కాదు, కేబుల్‌ది. డెస్క్‌టాప్ అయితే కేబుల్ మార్చి చూడండి.

తర్వాత క్లోన్ చేయాలా (పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించడం), ఫ్రెష్‌గా విండోస్ వేయాలా అన్న ప్రశ్న వస్తుంది. నా ఓటు ఫ్రెష్‌కే. ఐదేళ్ల చెత్తను కొత్త డిస్క్‌లోకి మోసుకెళ్లడం ఇల్లు మారుతూ చెత్తబుట్టనీ బండెక్కించడమే. కానీ బావగారి మిషన్‌లో పాత అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ఉంది, దాని కీ ఎక్కడుందో ఆయనకే తెలియదు. అలాంటప్పుడు క్లోన్ చేయక తప్పదు. కొత్త ఎస్‌ఎస్‌డీని సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో బయట తగిలించి, క్లోనింగ్ ప్రోగ్రాంతో మొత్తం దింపాను. పాత డిస్క్‌లో నిండిన భాగం కొత్తదానికన్నా తక్కువ ఉండాలి, అందుకని ముందే డౌన్‌లోడ్‌ల ఫోల్డర్ ఖాళీ చేయించాను. ఏది మూలం, ఏది గమ్యం అన్నది మూడుసార్లు చదివి గానీ ఓకే నొక్కకండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్ మీద కూర్చుంటుంది.

ఫ్రెష్‌గా వేసేవాళ్లకు 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ చాలు. ముందు యాక్టివ్ అయి ఉన్న విండోస్ అయితే డిస్క్ మార్చినా మళ్లీ కీ అడగదు. ఆ లైసెన్సు మదర్‌బోర్డుతో (అన్ని భాగాలూ కూర్చునే ప్రధాన బోర్డు) ముడిపడి ఉంటుంది. ఒక్క జాగ్రత్త, బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. నలభై ఎనిమిది అంకెలుంటుంది. రాయడం విసుగే, కానీ ఆ కీ లేకుండా పాత డిస్క్ తాళం చెవి పోయిన ఇనప్పెట్టె.

విప్పేటప్పుడు ఛార్జర్ తీసేయాలి. బ్యాటరీ బయటకి వచ్చేదైతే తీసేయాలి, లోపల ఉండేదైతే మూత తీయగానే ముందు దాని కనెక్టర్ ఊడదీయాలి. ఒక తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, ఏ చోటి స్క్రూ ఆ చోట టేపుతో అంటిస్తాను నేను. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవుది పొట్టిదాని రంధ్రంలో బిగిస్తే కీబోర్డు వైపు బొడిపె తేలుతుంది. నా పాత మిషన్‌లో స్పేస్‌బార్ పక్కన ఆ గుర్తు ఇంకా ఉంది. మూత అంచుల్లోంచి ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ వాడొద్దు, పాత ప్లాస్టిక్ కార్డు బాగా పనిచేస్తుంది. బ్యాటరీ ఉబ్బి కనపడితే అక్కడితో ఆపేయండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే అనుమానించాల్సింది ముందు దాన్నే.

బావగారి మిషన్ ఆ సాయంత్రం ఇరవై ఎనిమిది సెకన్లలో లేచింది. పాత డిస్క్‌ను నెల రోజులు చెరపకుండా అలాగే ఉంచమన్నాను. "ఇందులో ఆ ఫైలు ఏదీ?" అన్న ఫోన్ రెండో వారంలో వచ్చింది.

ఎస్‌ఎస్‌డీ పెట్టాక రెండు అలవాట్లు మానుకోవాలి. ఒకటి డీఫ్రాగ్ చేయడం, అంటే చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కల్ని ఒకచోట సర్దడం. వెతుకులాటే లేని చోట సర్దుడు అనవసరం, పైగా రాతలు పెరిగి అరుగుతుంది. విండోస్ దానికి కావలసిన ట్రిమ్ పని (చెరిపేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని డిస్క్‌కు చెప్పడం) తనే వారానికోసారి చేసుకుంటుంది. రెండోది, అంచుదాకా నింపడం. పదిహేను, ఇరవై శాతం ఖాళీ ఉంచండి. చవక రకాలు నిండే కొద్దీ రాయడంలో బాగా మందగిస్తాయి.

ర్యామ్ ఎప్పుడు, ఎలా

ర్యామ్ అంటే మీ బల్ల. బల్ల నిండితే కాగితాలు బీరువాలో పెట్టి, కావలసినప్పుడల్లా లేచి వెళ్లి తెచ్చుకోవాలి. ఆ బీరువా డిస్కే. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో వాడుక తొంభై శాతం దగ్గరే తిరుగుతూ, ట్యాబ్ మార్చిన ప్రతిసారీ డిస్క్ కూడా ఎగిరిపడుతుంటే ర్యామ్ చాలడం లేదు. అరవై శాతంలో ఉంటే రెట్టింపు చేసినా ఏ మార్పూ ఉండదు. నా అనుభవంలో 4 జీబీతో ఈ రోజుల్లో బ్రౌజరే బతకదు, 8తో జాగ్రత్తగా నెట్టుకురావచ్చు, 16 ఉంటే చాలామంది మళ్లీ ఆ మాట ఎత్తరు.

కొనే ముందు తరం చూసుకోండి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో ఒకటి కూర్చోవు, గాటు వేరే చోట ఉంటుంది. కూర్చోవడం లేదంటే బలం చాలక కాదు, తరం తప్పు అని అర్థం. ల్యాప్‌టాప్‌లకు పొట్టి ముక్క, డెస్క్‌టాప్‌లకు పొడవు ముక్క. డీడీఆర్3 ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి 1.35 వోల్టుల ఎల్ రకమే కావాలి. పలచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికేసి ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో ఫార్మ్ ఫ్యాక్టర్ అన్న చోట "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే చాలావరకు ఆ ఆశ వదులుకోవచ్చు.

రెండు స్లాట్లున్న చోట ఒకే 8 జీబీ కన్నా రెండు 4 జీబీలు మేలు. ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి తోడుకుంటుంది. 3200 వేగం ఉన్న డీడీఆర్4 ఒక దారిలో సెకనుకు 25.6 జీబీలు ఇస్తే, రెండు దారుల్లో 51.2. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్‌లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ బొమ్మలు గీసే చిప్ కూడా ఈ ర్యామ్‌లోంచే తాగుతుంది. డెస్క్‌టాప్‌లో నాలుగు స్లాట్లుంటే రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టేయకండి. ఎక్కువ బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది.

డెస్క్‌టాప్ వాళ్లు మరిచిపోయేది ఒకటుంది. 3200 అని రాసి ఉన్న ర్యామ్ కొని పెట్టినా చాలా రకాలు మొదట 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తాయి. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎమ్‌పీ అన్నది ఆన్ చేయాలి. ఏఎమ్‌డీ బోర్డుల్లో దీని పేరు డీఓసీపీ అనో ఎక్స్‌పో అనో ఉంటుంది. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి తెర నల్లగా ఓ నిమిషం, డీడీఆర్5 అయితే ఇంకాసేపు కూడా ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌తో పరిచయం చేసుకుంటోంది, అంతే. నేను ఆ మాట తెలియక టెన్షన్ పడి మూడుసార్లు ఆపేసి, ప్రతిసారీ దాని పరిచయాన్ని మొదటికి తెచ్చాను.

వేడి, దుమ్ము, ఒక ఛార్జర్

డిస్క్, ర్యామ్ రెండూ బాగున్నా పని మొదలుపెట్టిన పావుగంటకి మందగిస్తుంటే అనుమానం వేడి మీదికి పోవాలి. ఎక్కువ ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ చేరాక తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో థర్మల్ థ్రాట్లింగ్ అన్న వరసలో "ఎస్" అని పడితే ఇంక సందేహం లేదు. బరువైన పనిలో ఎనభైల్లో ఉండటం ల్యాప్‌టాప్‌లకు మామూలే, దానికి కంగారుపడక్కర్లేదు.

మూత తీసి ఫ్యాన్‌కీ, రాగి రేకులకీ మధ్య చూడండి. నా మిషన్‌లో నాలుగేళ్లకి అక్కడ ఒక చిన్న దుప్పటి నేసి ఉంది. బయటి నుంచి గాలి ఊదితే అది ఇంకా లోపలికి బిగుసుకుంటుంది. ఫ్యాన్ విప్పి, ఆ దుమ్ముపొరను పట్టకారుతో లాగేయడమే మంచిది. గాలి డబ్బాతో ఊదేవాళ్లు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని ఊదండి. వదిలేస్తే బొంగరంలా తిరిగి బేరింగ్ పాడవుతుంది. హీట్ సింక్ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) తీశారంటే రెంటికీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ మళ్లీ వేయక తప్పదు. పాతది స్పిరిట్‌తో తుడిచి, డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కైతే బఠాణీ గింజంత మధ్యలో పెట్టి బిగించండి. ల్యాప్‌టాప్ చిప్ చిన్నది, బోడిగా ఉంటుంది కాబట్టి పలచగా మొత్తం పరవండి. నా మిషన్ ఈ పని తర్వాత 98 నుంచి 81కి దిగింది. పేస్ట్ ఎంత గొప్పదన్న చర్చల్లోకి నేను పోను, దుమ్ము తీయడంలోనే సగం పైన లాభం ఉంది. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే ఇదంతా వృథా.

వేడి లేకుండానే ఒక ల్యాప్‌టాప్ నన్ను రెండు రోజులు ఏడిపించింది. ఒక మిత్రుడిది. డిస్క్ ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ 16, ఉష్ణోగ్రత 45. అయినా మౌస్ కదిలితే గంట. చివరికి సీపీయూ పేజీలో నేను మొదట దాటేసిన అంకె చూశాను, వేగం 0.78 గిగాహెర్ట్జ్. ఎంత పని ఇచ్చినా అక్కడే మేకు కొట్టినట్టుంది. ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే మూడు దాటింది! ఆయన పాత ఛార్జర్ పోతే వేరే ఏదో తెచ్చి తగిలించారు. కొన్ని మిషన్లు ఛార్జర్‌ను గుర్తుపట్టలేకపోతే, లేదా దాని వాట్లు చాలవనుకుంటే, ప్రాసెసర్‌ను అట్టడుగు వేగానికి కట్టేస్తాయి. సరైన వాట్లున్న ఛార్జర్ పెట్టగానే జబ్బు పోయింది. అందుకే ఆ కాగితం మీద గిగాహెర్ట్జ్ కూడా రాసుకోమన్నాను.

వెన్న చేతిలో పెట్టుకుని

మా మేనల్లుడు గ్రాఫిక్స్ కార్డు కొనిపించుకుని, వారం తర్వాత "మామయ్యా, ఇది మోసం, గేమ్ అప్పటిలాగే ఆగి ఆగి నడుస్తోంది" అని ఫోన్ చేశాడు. వెళ్లి డబ్బా వెనక చూశాను. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డులో ఉంది. కార్డు తన పోర్టులు ఖాళీగా పెట్టుకుని కింద కూర్చుంది. కేబుల్ కింది పోర్టులోకి మార్చాను. పనిలో పనిగా డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో చూస్తే 144 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు బొమ్మ మార్చగల) మానిటర్ 60లో నడుస్తోంది, అదీ మార్చాను. వాడు ఆ సంగతి వాళ్ల నాన్నకి చెప్పొద్దన్నాడు.

ఇలాంటివే ఇంకో రెండు. బయటి డిస్క్‌లోకి కాపీ నత్తలా ఉంటే అది ఏ యూఎస్‌బీ పోర్టులో ఉందో చూడండి. 2.0 పోర్టు 480 మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది, 3.0 అయితే 5 గిగాబిట్లు. లోపల నాలుక నీలం రంగులో ఉండేది చాలావరకు 3.0. అలాగే "కంప్యూటర్ స్లో" అన్న ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి నెట్ స్లో. బ్రౌజర్ ఒక్కటే ఆగుతూ, వర్డ్ హాయిగా తెరుచుకుంటుంటే వైఫై వైపు చూడండి. గోడల అవతల 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, రూటర్ ఉన్న గదిలో 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది. కేబుల్ వేసినా 100 మెగాబిట్ల దగ్గరే ఆగితే ఆ కేబుల్‌లోని ఎనిమిది తీగల్లో ఏదో తెగి ఉండొచ్చు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, వందకి నాలుగు చాలు.

ర్యామ్ బూస్టర్లు, రిజిస్ట్రీ క్లీనర్లు, ఒక్క నొక్కుతో వేగం అనే ప్రోగ్రాముల గురించి అడుగుతారు. వేయొద్దు. అవే స్టార్టప్ యాప్స్‌లో ఇంకో వరస అవుతాయి.

పాత మిషన్లకు ఇంకో చిక్కు ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేయాలంటే టీపీఎమ్ 2.0 (భద్రత కోసం ఉండే ఏర్పాటు), ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి ప్రాసెసర్ కావాలి. టీపీఎమ్ కొన్ని బోర్డుల్లో ఉండి కూడా బయోస్‌లో ఆపేసి ఉంటుంది, ముందు అక్కడ చూడండి. నిజంగానే లేకపోతే, బ్రౌజరూ మెయిలూ తప్ప వేరే పని లేనివాళ్లకు నేను విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్, అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, వేసి ఇస్తున్నాను. అలా ఇచ్చిన మూడు మిషన్లలో రెండు ఇంకా నడుస్తున్నాయి, మూడోదాన్ని ప్రింటర్ కోసం వెనక్కి మార్చాల్సి వచ్చింది.

ఇవన్నీ చూశాక కూడా, చల్లగా ఉన్న మిషన్‌లో, డిస్క్ ఖాళీగా ఉండి, ర్యామ్ మిగిలి ఉండి, సీపీయూ అన్ని కోర్లూ నూరు శాతంలో నిలబడితే అప్పుడు అది ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. నా మిషన్ ఇప్పుడు ఆ దశలో ఉంది. బొమ్మలున్న ఆరు వందల పేజీల పుస్తకాన్ని పీడీఎఫ్ చేయడానికి పదకొండు నిమిషాలు తీసుకుంటోంది. నెలకు అలాంటివి రెండో మూడో వస్తాయి. అరగంట కోసం కొత్త మిషన్ కొనబుద్ధి కాక, బావగారి పాత హార్డ్ డిస్క్‌ను ఒక యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకుని, ఆ పదకొండు నిమిషాలు అయ్యాక పూర్తయిన పుస్తకాల బ్యాకప్ దాంట్లో తీసుకుంటున్నాను.